మేం ఎవరి తాలూకా?

2024లో గోదావరి జిల్లాల బళ్ల మీద ఒక రాత వెలిసింది: 'పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా'. మా కుర్రాళ్లూ అంటించుకున్నారు. తప్పేముంది? ఎవరో ఒకరి తాలూకా అనిపించుకోవాలన్న ఆకలి అది. ఆ ఆకలి మాకు బాగా తెలుసు.

కానీ ఇక్కడ అభిమానానికి కులముంది. ఏ హీరో కాపులవాడో, ఎవరు కమ్మవారివాడో భీమవరంలో చిన్నపిల్లాడినడిగినా చెప్తాడు. ఈ మధ్యలో సాయిబుల కుర్రాడేమిటి? కటౌటుకి పాలు పొయ్యడానికి నిచ్చెనెక్కేవాడు. గొడవైతే దెబ్బలకి ముందు, సంఘం పదవులకి ఆఖరు. 2009లో చిరంజీవి పాలకొల్లులో ఓడిపోతే మాలోనూ ఏడ్చినవాళ్లున్నారు. ఆ కన్నీళ్లు ఏ కులం లెక్కలోకీ రాలేదు.

తెర మీద చూద్దామా? 1969లో 'భలే తమ్ముడు'లో ఎన్టీఆర్‌కి పాడింది మహమ్మద్ రఫీ. గొంతు మాదైతే అభ్యంతరం లేదన్నమాట! మా రాజమండ్రి అలీ 1994లో 'యమలీల'తో హీరో అయ్యాడు. మాకు గర్వమే. అయితే ఆ హీరో పేరు సూరి. తెర మీద మా పేరుతోనే బతకాలంటే 2002 నాటి 'ఖడ్గం'లో ఆటో నడిపే అంజాద్‌లా దేశభక్తి రుజువు చేసుకోవాలి. హిందూ హీరోని ఆ రుజువు ఎవడడిగాడు?

అంజాద్ రుజువు చేసుకున్నప్పుడు హాలంతా ఈలలు. మావాడూ వేశాడు, ముందు పక్క సీటు వైపోసారి చూసి.