ఎదిగే పిల్లల తుంటిని గమనింపుడు



హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలకు ఫుట్‌బాల్ మీద మోజు బాగా పెరిగినది. ఇది సంతోషింపదగినదే. కాని పెద్దలు, శిక్షకులు గమనింపని సంగతి యొకటి కలదు. దానిని తమ పత్రిక మూలమున పాఠకుల దృష్టికి తేదలచితిని.

13 ఏండ్ల మా మనుమడు రెండు నెలలపాటు మోకాలు నొప్పియనుచు కొద్దిగా కుంటుచుండెను. శిక్షకుడు 'ఆడితే అదే సర్దుకొనును' అనెను. మేమును నూనె రాచి, కట్టు కట్టి ఊరకుంటిమి. మోకాలికి తీసిన ఎక్స్‌రేలో దోషమేమియు కానరాలేదు. తుదకు ఒక ఎముకల వైద్యుడు తుంటికి ఎక్స్‌రే తీయించగా, తొడ ఎముక తల దాని మెడపైనుండి కొంత జారినట్లు తేలినది. వెంటనే శస్త్రచికిత్స చేసి స్క్రూ బిగించిరి. ఇది ఆటవలననే వచ్చినదని నేననను. ఆడనివారికిని ఇది వచ్చును. కాని ఆ స్థితిలో రెండు నెలలు పరుగెత్తించుట మా అందరి తప్పు. తుంటిలోని జబ్బు మోకాలిలో నొప్పిగా తెలియవచ్చునని మాకు అప్పుడే తెలిసినది.

పిల్లల ఎముక పెద్దల ఎముకకు చిన్న రూపము కాదు. తొడ ఎముక తలకు, మెడకు నడుమ మెత్తని మృదులాస్థి పొర యుండును. ఎముక పెరుగునది అక్కడనే. కటి భాగమున కండరములు అంటియుండు చోట్లు కూడ ఆ వయస్సున పూర్తిగా గట్టిపడవు. అందుచేత బంతిని బలముగా తన్నినపుడు పెద్దవానికి కండరము చిరుగవలసినచోట, పిల్లవానికి కండరము ఎముక ముక్కనే లాగివేయవచ్చును. చాలమందికి విశ్రాంతితోనే అది నయమగును, కాని విశ్రాంతి ఈయవలెను గదా!

నెదర్లాండ్సు వైద్యులు 2012, 2014 సంవత్సరములలో ప్రకటించిన పరిశోధనల ప్రకారము, ఫుట్‌బాల్ ఆడు బాలురలో తొడ ఎముక మెడవద్ద ఎముక ఉబ్బుట, ఆడనివారికంటె ఎక్కువగా కనిపించినది. అది ఎదిగే వయస్సులోనే క్రమముగా ఏర్పడుచున్నది. 12 ఏండ్లు నిండకమునుపే వారమునకు నాలుగుసార్లో, అంతకు మించియో సాధన చేసినవారిలో అది మరింత ఎక్కువని 2015లో తేలినది. ఉబ్బు ఉన్నవారందరికి నొప్పి రాదు. కాని కొందరికి తరువాతి కాలమున కీలు అరుగుటకు అది దారితీయును.

సాధన ఎక్కువైన కొద్దీ ఆటగాడు గొప్పవాడగుననుట పొరపాటు. 1962 జకార్తా ఏషియా క్రీడలలో మన దేశమునకు స్వర్ణపతకము తెచ్చిపెట్టిన జట్టు శిక్షకుడు, హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిచేత ఉపాధ్యాయుడు. వాడుకలేని కాలితోనే బంతి తన్నవలెనను పోటీలు పెట్టించి నేర్పు పెంచినవాడాయన. మన శిక్షకులకు కావలసినది అట్టి యుక్తి, రోజుకు రెండుపూటల పరుగు కాదు.

కావున నా మనవులు ఇవి. 12 ఏండ్లలోపు పిల్లలకు క్రమశిక్షణ వారమునకు మూడు దినములు మించరాదు. తక్కిన దినములలో వేరే ఆటలు ఆడనిండు. కుంటు పిల్లవానిని ఆనాడే మైదానమునుండి పంపివేయవలెను. మోకాలు నొప్పియన్నను తుంటిని కూడ చూడుమని తల్లిదండ్రులు వైద్యుని అడుగవలెను. 2022లో ప్రారంభింపబడిన కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల వైద్యులు ఏటికొకసారియైన పాఠశాలలకు వచ్చి ఈ సంగతులు చెప్పినచో మేలు. ఆ సూచనలు తమిళముతోపాటు తెలుగున, కన్నడమున కూడ ముద్రించి ఇంటింటికి పంపిన మరింత మేలు.

ఆట మాన్పించుడని నేననుట లేదు. వైద్యుడు సరేయన్ననాడు మా మనుమడు మరల మైదానమునకు పోవును. మా వలె రెండు నెలలు ఎవరును పోగొట్టుకొనరాదనియే ఈ లేఖ.

ఇట్లు,
ఒక తాత,
హోసూరు.