తీసుకెళ్ళిన నెత్తురు లెక్క ఊరికి చెప్పాలె



తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ గూడెంలో సికిల్ సెల్ పరీక్ష చేయించుకున్న పదిమందిని పట్టుకుని అడగండి, రిజల్ట్ ఏమొచ్చిందని. ఎంతమంది చెప్పగలరో చూడండి.

2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఏడు కోట్ల మందికి పరీక్షలన్నారు, 2047 కల్లా జబ్బే ఉండదన్నారు. బాగానే ఉంది. కానీ పరీక్ష మందు కాదు కదా! భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ సంగతి వాళ్ళకు ముందే తెలియాలె. జబ్బు ఉన్నోళ్ళకు హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ లాంటి మందులు ఆగకుండా అందాలె. పీహెచ్‌సీలో మాత్రలు అయిపోతే, చర్ల లోపలి గూడేల నుంచి భద్రాచలం ఏరియా ఆసుపత్రికి రావడమంటే ఒకరోజు కూలి పోయినట్టే.

కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే గడ్చిరోలి జిల్లా. 1980లలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ అక్కడ సికిల్ సెల్ మీదే అధ్యయనం చేశారు. జనం మాత్రం, అది మా మొదటి బాధ కాదన్నారు. ఆ మాట విన్నారు కాబట్టే పని దారి మారింది. పసిబిడ్డల చావులు ఆపడానికి ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపారు. పోల్చి చూసిన వేరే ఊళ్ళకంటే అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక అచ్చేసింది. ఇవాళ ఆశా అక్క బాలింత ఇంటికొచ్చి బిడ్డను తూచడం వెనుక ఆ ఊళ్ళ అనుభవమే ఉంది.

మన దగ్గర ఆశా అక్క ఉంది, ఏఎన్ఎం ఉంది, ఊరి పటేలు ఉన్నాడు, 1996 పెసా చట్టం ఇచ్చిన గ్రామసభ ఉంది. వీళ్ళు ఒక్కచోట కూర్చోరు, అంతే. కూర్చోబెట్టే పని చదువుకున్న మనది. ఎంతమందికి పరీక్ష చేశారు, ఎంతమందికి కార్డులిచ్చారు, మందు ఎన్ని రోజులకు ఉంది? ఈ మూడూ గ్రామసభలో అడిగి, తీర్మానం రాయించండి. దాని కాపీతో సోమవారం ఐటీడీఏ గిరిజన దర్బార్‌కు పోండి. ఒక్కడు పోతే అర్జీ, ఊరు పోతే లెక్క.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. సభలో అంకెలే చదవాలె, పేర్లు కాదు. క్యారియర్ అని బయటపడితే పెండ్లి చెడేది ఆడపిల్లదే. పిల్లగాడిని ఎవరూ అడగరు.

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయలను, ఎస్టీ సర్టిఫికెట్ లేదని ఈ లెక్కలోంచి వదిలేయొద్దు. అడవిలో వాళ్ళ గూడేలకు దారి మీకు తెలుసు. ఏఎన్ఎం పోయే రోజు మీరూ వెంట నడవండి.