హలాల్ సరే, తయ్యిబ్ సంగతి ఏమిటి?

భూమిపై ఉన్నవాటిలో ధర్మసమ్మతమైనవీ, పరిశుద్ధమైనవీ మాత్రమే తినాలని దివ్య ఖుర్ఆన్ (2:168) సమస్త మానవాళికి బోధిస్తున్నది. అక్కడ వాడిన పదాలు రెండు: హలాల్, తయ్యిబ్. మొదటి పదం మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రెండో పదాన్ని మాత్రం మనం చాలావరకు మరచిపోయాము. మాంసం కొనేటప్పుడు జబహ్ ఎవరు చేశారని అడుగుతాము. ఆ మాంసం ఎండలో ఎన్ని గంటలు వేలాడిందని అడగము. బిస్మిల్లాహ్ చదివి ముద్ద నోట పెట్టుకుంటాము. ఆ ముద్ద నిన్నటి రాత్రి నుంచి గిన్నెలో ఎలా ఉందని ఆలోచించము. ఈ రెండో ప్రశ్న ఎంత విలువైనదో కొల్లేటి సీమలో ఉన్నవారికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

ఏలూరు నేర్పిన పాఠం

2020 డిసెంబర్ 5న ఏలూరు వన్‌టౌన్ ప్రాంతంలో మనుషులు ఉన్నట్టుండి కుప్పకూలడం మొదలైంది. మూర్ఛ, నోటి నుంచి నురగ, వాంతులు, తలనొప్పి, కొన్ని నిమిషాలపాటు ఏమీ గుర్తులేని స్థితి. పసివారు, వృద్ధులు, ఆడవారు, మగవారు అన్న తేడా లేదు. కొద్ది రోజుల్లో బాధితుల సంఖ్య 600 దాటింది. ఒకరు మరణించారు. కరోనా భయం ఇంకా తొలగని రోజులవి. ప్రభుత్వ ఆసుపత్రి వార్డులు నిండిపోయాయి; పరిస్థితి విషమించినవారిని విజయవాడకు, గుంటూరుకు తరలించారు. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే కోలుకుని ఇంటికి చేరారు, అల్‌హమ్దులిల్లాహ్.

ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వ్యాధి కాదని త్వరలోనే తేలింది. ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు కొందరి రక్త నమూనాలలో సీసం, నికెల్ ఉన్నట్లు గుర్తించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, నాగపూర్‌లోని నీరి వంటి సంస్థలు నీటిని, పాలను, కూరగాయలను, రక్తాన్ని పరీక్షించాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండవచ్చని నిపుణులు అభిప్రాయపడ్డారు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఫలానా కంపెనీ, ఫలానా బ్యాచి నంబరు అని వేలెత్తి చూపడానికి ఆ రోజు ఏలూరులో ఏమీ లేదు. అది ప్యాకెట్‌లో వచ్చిన విషం కాదు. కుళాయిలో, సంచిలో, తట్టలో, గిన్నెలో రోజూ ఇంటికి వచ్చే వస్తువులన్నీ అనుమానితులే. అనుమానం అన్నింటి మీదా ఉన్నప్పుడు దేనిని వెనక్కి పిలవాలి?

వెనక్కి పిలిచే చట్టం

అమ్మిన ఆహారంలో ప్రమాదం ఉందని తెలిసినప్పుడు తయారీదారు దానిని దుకాణాల నుంచి, కొన్నవారి నుంచి వెనక్కి రప్పించాలి. దీనినే రీకాల్ అంటారు. మన దేశంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 28వ సెక్షన్ ఈ బాధ్యతను వ్యాపారి మీదే పెట్టింది. 2017లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇందుకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది.

మనకు బాగా గుర్తున్న ఉదాహరణ 2015 నాటి మ్యాగీ నూడుల్స్. సీసం పరిమితికి మించి ఉందంటూ ఆ ఏడాది జూన్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించడంతో దేశమంతటా దుకాణాల నుంచి ప్యాకెట్లు వెనక్కి వెళ్లాయి. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసి మళ్లీ పరీక్షలు చేయించమన్నది. నవంబర్‌లో ఆ సరుకు తిరిగి అమ్మకానికి వచ్చింది. తప్పొప్పుల సంగతి ఎలా ఉన్నా, తలచుకుంటే ఒక వస్తువును దేశం మొత్తం మీద వెనక్కి పిలవవచ్చని ప్రజలు కళ్లారా చూశారు.

2024 ఏప్రిల్‌లో సింగపూర్ ఆహార సంస్థ మన దేశం నుంచి వెళ్లిన ఎవరెస్ట్ ఫిష్ కర్రీ మసాలాను వెనక్కి పిలవమని ఆదేశించింది. అందులో ఇథిలీన్ ఆక్సైడ్ పరిమితికి మించి ఉందని హాంకాంగ్ అధికారులు అంతకు ముందే ప్రకటించారు. కొద్ది మోతాదులో తిన్నంత మాత్రాన వెంటనే ప్రమాదం లేకపోయినా, దీర్ఘకాలం శరీరంలోకి వెళ్లకూడదన్నది సింగపూర్ సంస్థ మాట. అక్కడ అది సాధ్యమైంది. ఎందుకంటే ప్యాకెట్ మీద పేరుంది, గడువు తేదీ ఉంది, దిగుమతి చేసినవారి చిరునామా ఉంది.

ఆ మసాలా ప్యాకెట్‌కు చిరునామా ఉంది. దానితో వండే చేపకు లేదు.

చేప విషయంలో మన ధీమా

కొల్లేటి చుట్టుపక్కల చెరువులలో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలు ఐసు పెట్టెలలో లారీలెక్కి బెంగాల్‌కు, అస్సాంకు వెళ్లడం మనకు రోజూ కనిపించే దృశ్యమే. ఆకివీడు, కైకలూరు ప్రాంతాలలో ఎన్ని కుటుంబాలు దీని మీద బతుకుతున్నాయో చెప్పనక్కర లేదు. పట్టేవారు, తూచేవారు, ఐసు కొట్టేవారు, లారీ నడిపేవారు, అమ్మేవారు. వీరిలో మన వాళ్లూ ఉన్నారు.

2018 జూన్‌లో కేరళ అధికారులు ఫార్మలిన్ కలిసిన చేపలను చెక్‌పోస్టుల వద్ద పట్టుకున్నారు. జూలైలో అస్సాం ప్రభుత్వం ఇదే కారణంతో ఆంధ్ర చేపల రాకను పది రోజులపాటు నిషేధించింది. శవాలను భద్రపరచడానికి వాడే రసాయనం పేరు అన్నం పళ్లెం పక్కన వినిపించేసరికి జనం హడలిపోయారు. తప్పు చేసినవారు ఎందరో గాని, నష్టం మాత్రం నిజాయితీగా ఐసు పోసి పంపిన రైతుకూ తగిలింది. ఒకరి మోసం వేయిమంది హలాల్ సంపాదనను దెబ్బ తీస్తుందనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

చేపకు జబహ్ అవసరం లేదు. దైవప్రవక్త (స) దానిని మనకు అలాగే ధర్మసమ్మతం చేశారు. ఈ సౌలభ్యం వల్లనే చేప విషయంలో మనం ఏ ప్రశ్నా అడగకుండా ధీమాగా ఉంటాము. నిజానికి హలాల్ అవునా కాదా అన్న ప్రశ్న లేని చోట తయ్యిబ్ అవునా కాదా అన్న ప్రశ్నే మొత్తం ప్రశ్న అవుతుంది. కళ్లు తేటగా ఉన్నాయా? మొప్పలు ఎర్రగా ఉన్నాయా? వేలితో నొక్కితే కండ తిరిగి పైకి లేస్తున్నదా? ఐసు ఏ నీటితో చేశారు? ఇవి అడగడం బేరమాడడం కాదు, దీనిలో భాగమే.

చట్టం ఆగిన చోట ఈమాన్ మొదలు కావాలి

2017 నిబంధనలలో ఒక మినహాయింపు ఉంది. తయారీదారులకు, దిగుమతిదారులకు, టోకు వర్తకులకు రీకాల్ ప్రణాళిక తప్పనిసరి. చిల్లర దుకాణదారుకు, ఒకే హోటలు నడుపుకునేవారికి, వంట కాంట్రాక్టరుకు అది తప్పనిసరి కాదు. తిన్న బిర్యానీని వెనక్కి తెప్పించడం ఎవరి తరమూ కాదు గనుక ఈ మినహాయింపులో అర్థం లేకపోలేదు. అయితే మన సోదరులు ఎక్కువగా ఉన్నది సరిగ్గా ఈ వ్యాపారాలలోనే. మాంసం కొట్టు, బిర్యానీ హోటలు, షవర్మా బండి, వలీమా వంటలు. అంటే చట్టం చేయి చాచని చోట మనం నిలబడి ఉన్నాము.

దైవప్రవక్త (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశి లోపలికి చేయి పెట్టినప్పుడు వేళ్లకు తడి తగిలిన సంఘటన మనందరికీ తెలిసినదే. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. తడిసిన గింజలు జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీశారు. మోసగించేవాడితో తనకు సంబంధం లేదని హెచ్చరించారు. గమనించండి: ధాన్యం తడవడం వర్తకుడి తప్పు కాదు. దాచడమే తప్పు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) వస్త్ర వ్యాపారి. లోపమున్న ఒక బట్టను భాగస్వామికి పంపుతూ, అమ్మేటప్పుడు ఆ లోపం చెప్పమన్నారని, ఆయన మరచిపోయి అమ్మేశారని చరిత్రకారులు వ్రాశారు. కొన్నవారెవరో తెలియలేదు, సరుకును వెనక్కి పిలిచే దారి లేదు. అప్పుడు ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్ము మొత్తాన్ని దానం చేసేశారు. చట్టం పన్నెండు శతాబ్దాల తరువాత వ్రాసుకున్నదానికంటే ఇది ఒక మెట్టు పైనే ఉన్నది. అది బట్ట, మనం అమ్ముతున్నది బిడ్డల కడుపులోకి వెళ్లేది.

ఇది దాసుల హక్కులకు సంబంధించిన విషయం. అల్లాహ్‌కు, మనకు మధ్య జరిగిన లోపాలను ఆయన తన కారుణ్యంతో మన్నించవచ్చు. తోటి మనిషికి చేసిన నష్టం ఆ మనిషి మన్నించేదాకా మెడ మీదే ఉంటుంది.

మన దావత్‌లు, మన వంటిళ్లు

కల్తీ ఆహారం, కలుషిత ఆహారం వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారని, 4,20,000 మంది మరణిస్తున్నారని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మృతులలో 1,25,000 మంది అయిదేళ్లలోపు పిల్లలే. వీటిలో ఎక్కువ భాగం ఫార్మలిన్ వల్ల కాదు, సీసం వల్ల కాదు. కంటికి కనిపించని సూక్ష్మజీవుల వల్ల.

పెద్ద డేగిసాలో వండిన బిర్యానీ, హలీమ్ మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా ఉంటాయి. సుమారు 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడి సూక్ష్మజీవులకు అనువైన ఇల్లు. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ బీజాలు వండినా చావవు. అన్నం గది వేడిలో ఉండిపోతే అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి మధ్యాహ్నం వలీమాలో మిగిలినదాన్ని రాత్రి వేడి చేసి పేదలకు పంచితే పుణ్యం అనుకోవడం సరి కాదు. పంచదలచుకున్నది వడ్డన మొదలైనప్పుడే వేరుగా తీసి వేడివేడిగా పంపాలి. మనం తినడానికి వెనుకాడేది దానం చేయకూడదన్నది కూడా మనకు ఖుర్ఆన్ నేర్పిన నీతే.

ఖుర్బానీ రోజున మాంసాన్ని పెద్ద సంచిలో కుక్కి సాయంత్రం దాకా ఉంచవద్దు. చిన్న భాగాలు చేసి వెంటనే పంచాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. పచ్చి మాంసం కోసిన కత్తిని, పలకను కడగకుండా వాటి మీదే ఉల్లిపాయలు, కొత్తిమీర కోయకూడదు. రమజాన్ రాత్రులలో పిల్లలు అడిగే షవర్మా, మండీల పక్కన వచ్చే తెల్లని మయోనీస్ పట్ల జాగ్రత్త అవసరం. ముడి గుడ్లతో చేసే మయోనీస్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ చివరలో ఏడాదిపాటు నిషేధించిందంటే ఊరికే కాదు. రాత్రివేళ పాత్రలకు మూతలు పెట్టమన్న ప్రవక్త (స) ఆదేశాన్ని మన నానమ్మలు పాటించారు. ఫ్రిజ్ వచ్చిందని మనం మరచిపోరాదు.

వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ద్రావణం తాగించాలి. అది దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి కొలిచి, కలపాలి. మలంలో రక్తం, మూర్ఛ, మూత్రం ఆగిపోవడం కనిపించినా, రోగి పసివాడైనా, గర్భిణి అయినా, వృద్ధుడైనా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మౌనం వీడుదాం

అన్నింటికంటే కష్టమైన మాట చివరకు మిగిలింది. దావత్‌లో తిన్న నలుగురు జబ్బు పడితే మనం ఏం చేస్తున్నాము? ఇంటివారి పరువు పోతుందని నోరు మూసుకుంటున్నాము. వంటవాడు మన బంధువని ఊరుకుంటున్నాము. ‘రాసిపెట్టి ఉంది’ అని సరిపెట్టుకుంటున్నాము. ఒంటెను కట్టి ఆపైన అల్లాహ్ మీద భారం వేయమని నేర్పిన ప్రవక్త (స) అనుచరులకు ఇది తగదు. ఆ మౌనం కొనసాగినంత సేపూ అదే భోజనం ఇంకెవరి ఇంట్లోనో, ఇంకెవరి బిడ్డ పళ్లెంలోనో ఉంటుంది.

ఆతిథ్యం ఇచ్చినవారే ముందుగా ఫోన్ తీయాలి. ‘మా ఇంట్లో తిన్నవారిలో కొందరికి బాగాలేదు, మిగిలినది తినకండి, పిల్లలను గమనించుకోండి’ అని చెబితే చాలు. అదే మనం చేయగల రీకాల్. మిగిలిన ఆహారాన్ని కొంచెం తీసి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, వైద్యుడికీ ఆహార భద్రతా అధికారికీ చెప్పాలి. వ్యాపారి అయితే అమ్మకం ఆపాలి, కొన్నవారికి కబురు పెట్టాలి. జుమా రోజున అలాంటి కబురును మస్జిద్ నుంచి వినిపించడానికి కమిటీలు వెనుకాడరాదు. అలా చెప్పినవారిని ఎవరూ నిందించకుండా, ఆ ధైర్యానికి దుఆ చేయడం మిగిలినవారి బాధ్యత. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినట్లే అని బోధించే గ్రంథం మన చేతుల్లో ఉన్నది.

అల్లాహ్ మన సంపాదనను హలాల్‌గా, మన దస్తర్‌ఖాన్‌ను తయ్యిబ్‌గా ఉంచుగాక! లోపం జరిగినప్పుడు దాచకుండా చెప్పే ధైర్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.