శిశుపోషణము - పాలసీసా

పుట్టిన బిడ్డకు తల్లిపాలు మాన్పించి సీసాపాలు పట్టు నలవాటు పట్టణములను దాటి గోదావరి లంకలకును ప్రాకినది. ఇది గృహకృత్యము, పత్రికలకేల యని కొందరనవచ్చును. జాతిబలము నూయలలోనే యారంభమగును గనుక మేమీ విషయమును ముచ్చటింపవలసివచ్చినది.

తల్లులను నిందించువారితో మేమేకీభవింపము. 'పాలు చాలలేదు' అను మాట ఇంటింట వినబడుచున్నది. అది పుట్టుటెట్లో విచారింతము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున నూటికి 42.4 కాన్పులు శస్త్రచికిత్సచే జరిగినవి. కోతనొప్పితో లేవలేని తల్లికడకు బిడ్డను చేర్చు సాయము లేనిచోట తొలిపూటనే సీసా వచ్చును. బిడ్డ చీకినకొలది పాలూరుట ప్రకృతిధర్మము. సీసాతో కడుపునిండిన బిడ్డ చీకదు. చీకని రొమ్మున పాలు తగ్గును. అంతట రెండవ సీసా కావలసివచ్చును. పెక్కుండ్ర విషయమున కొరతకంటె సీసాయే ముందువచ్చినది. ముర్రుపాలు పిండి పారబోయు మన పాత మూఢాచారము దీనికి తోడైనది. వ్యాపారులను మాత్రమే దూషించి మన తప్పును దాచుకొనుట న్యాయము గాదు.

ఇక మన సీమ సంగతి. ఐ. పోలవరము, ఎదుర్లంక, మురమళ్ళ ప్రాంతములు వృద్ధగౌతమి యొడ్డువి. 1996 నవంబరు 6వ తేది తుఫానును, 2022 జూలై వరదను చూచిన కోనసీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు. చుట్టును నీరే, త్రాగుటకు మంచినీరు కరవు. అట్టి దినములలో సీసాను మరగించుటెట్లు? తల్లిపాలకు నీరక్కరలేదు, నిప్పక్కరలేదు. రబ్బరుపీకలో నిలిచిన పాలజిడ్డు విరేచనములకు మూలము. పేదయిండ్లలో డబ్బా మరి నాల్గుదినములు రావలెనని పొడి తగ్గించి నీరు హెచ్చింతురు. బిడ్డకు కడుపు నిండును గాని ఒడలు నిండదు.

ఈ యపాయము క్రొత్తగా తెలిసినది గాదు. 1939లో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు సింగపూరులో 'పాలు - హత్య' అను పేర నుపన్యసించి, డబ్బాపాల ప్రచారము శిశువుల ప్రాణములు తీయుచున్నదని నిర్భయముగ చాటెను. 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఈ ప్రచారమును కట్టుదిట్టము చేయు నియమావళిని 118 వోట్లతో నంగీకరించెను. వ్యతిరేకించినది అమెరికా యొక్కటియే. మన పార్లమెంటు 1992లో చట్టము చేసి 2003లో దానిని మరింత బిగించినది. శిశువుల పాలడబ్బాలకు ప్రకటనలు, ఉచితపు మచ్చులు, వైద్యులకు కానుకలు, డబ్బామీద బిడ్డబొమ్మలు అన్నియు నిషిద్ధములే. చట్టము చక్కనిది; దానిని నడపించువారు కావలెను.

తల్లి మరణించిన బిడ్డకును, వైద్యుడు కారణము చూపి విధించిన బిడ్డకును డబ్బాపాలు ఔషధతుల్యములు. వానిని మేము కాదనము. కూలికిపోవు తల్లి మాటయో? 2017 సవరణచే తొలి రెండు కాన్పులకు 26 వారముల వేతనపు సెలవు లభించినది గాని, అది పదిమందియు, అంతకు మించియు పనిచేయు సంస్థలకే. వరినాట్లు వేయు స్త్రీకి, కొబ్బరిపీచు తీయు స్త్రీకి సెలవిచ్చు యజమాని యెవడు? ఆకలిచే కువైటునకు విమానమెక్కు తల్లి తన బిడ్డను అమ్మమ్మ యొడిలో నుంచి పోవుచున్నది. ఈ తల్లుల నెదుట తల్లిపాల మహిమనుగూర్చి ఉపన్యసించుట పరిహాసమగును.

కావున మేము కోరునవి యివి. ప్రతి కాన్పు గదిలోను తొలిగంటలోనే బిడ్డను రొమ్మునకు చేర్చు మనిషి యుండవలెను. ఇంటికి పోయిన పిదప ఆశా కార్యకర్తలు పాలిచ్చు తీరును చూచి దిద్దవలెను. వరదసాయమున పాలడబ్బాలను విచక్షణలేక పంచరాదు. పోతపాలు తప్పనిచోట సీసాకు మారుగ ఉగ్గుగిన్నె వాడవలెను. మన అమ్మమ్మల యీ ముక్కుగిన్నె కడుగుటకు సులువు. నెలతక్కువ బిడ్డలకు నేటి ఆసుపత్రులలోను ఇట్టి గిన్నెతో పాలు పోయుచున్నారు. తల్లి పిండియుంచిన పాలను పట్టుటకును ఇదియే మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది కూలి. ఆరుమాసములు తల్లిపాలే యాహారమని వైద్యశాస్త్రము విధించుచున్నది. ఆ యారుమాసములు కూలితల్లి ఇంటనుండుటకు వలయు భత్యమును సర్కారు సమకూర్పవలెను. ఖద్దరు గట్టి స్వదేశి వ్రతము పట్టిన జాతికి, బిడ్డనోటి తొలియాహారమును కాపాడుకొనుట భారము గాదు.