నఖ్షా మీద ఖిబ్లా

మా నల్గొండ ఇంట్లో మొన్న ఒకటే బహస్. ఖిబ్లా సరిగ్గా పడమరేనని అబ్బా, కాదని బిడ్డ. క్యూజీఐఎస్ తెరిచాం. మెర్కేటర్ నఖ్షాలో మక్కాకు గీత గీస్తే పడమర నుంచి ఉత్తరానికి దాదాపు 7 డిగ్రీలు. నల్గొండను మధ్యలో పెట్టిన అజిముతల్ ప్రొజెక్షన్‌లో గీస్తే 13.

"రెండూ సీదా గీతలే కదా, ఏది సహీ?" అన్నారు అబ్బా.

గుండ్రటి జమీన్‌ని చదును చేస్తే ఏదో ఒకటి చెడుతుంది మరి! మెర్కేటర్ 1569లో గీసింది ఓడల కోసం, ఒకే దిక్కు పట్టుకు పోవడానికి. దగ్గరి దారి రెండోదే. అల్‌బిరూనీ వెయ్యేళ్ల కిందటే గజ్నీ ఖిబ్లాను లెక్కగట్టాడు. మన పిల్లలకేమో గోడ మ్యాపే ఆఖరి మాట.

నల్గొండ, పాలమూరు ఉస్తాద్‌లూ, కంప్యూటర్ గది తాళం తీసి ఈ రెండు గీతలూ పిల్లలతోనే గీయించండి. సాఫ్ట్‌వేర్ ముఫ్తే. మస్జిదుల్లో సఫ్‌లు తిప్పమనడం లేదు. దూరంవాళ్లకు దిశ చాలని హనఫీ ఫిఖ్‌లో గుంజాయిష్ ఉంది.