ఓడనివాడే గొప్పవాడా?



ఆదివారం సాయంత్రం యౌవనస్థుల కూటం ముగిశాక మా తిరువూరు మందిరం మెట్ల మీద కొన్నాళ్లుగా ఒక వాదం నడుస్తోంది. ఖబీబ్ నూర్మగొమెదోవ్ అనే యోధుని గూర్చిన వాదం అది. ఆయన 2020లోనే పోటీలు మానుకొన్నాడు. అయినా సెల్‌ఫోన్లలో ఆయన పాత పోటీలు చూస్తూ మా పిల్లలు రెండు పక్షాలుగా చీలిపోయారు. అంతటివాడు మరొకడు పుట్టలేదని ఒక పక్షం. తొందరగా తప్పుకొన్నాడు గనుక ఓటమి తప్పించుకొన్నాడని రెండో పక్షం. పెద్దవారు దీన్ని పనిలేని కబుర్ల కింద తీసిపారేస్తున్నారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. ఒక మనిషి తన పని ముగించి పక్కకు వెళ్లిన తరువాత అతణ్ణి దేనితో కొలవాలి? పిల్లలకు తెలియకుండానే వాళ్లు వాదిస్తున్నది ఆ సంగతి.

ఈ పోటీలు ఎరుగనివారి కోసం రెండు మాటలు. వీటిని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారు. బాక్సింగ్, కుస్తీ, జూడో, కరాటే, ఎవరికి వచ్చిన విద్య వారు వాడుకోవచ్చు. ఎనిమిది మూలల కంచె లోపల ఇద్దరు తలపడతారు. రౌండుకు ఐదు నిమిషాలు. బిరుదు కోసం జరిగే పోటీ అయితే ఐదు రౌండ్లు. ఎదుటివాడు స్పృహ తప్పినా, రిఫరీ ఆపినా, ఇక నావల్ల కాదని చేత్తో తట్టి ఒప్పుకొన్నా ఆట ముగిసినట్టే. 1993లో అమెరికాలోని డెన్వర్ నగరంలో యు.ఎఫ్.సి. వారు మొదటిసారి ఈ పోటీ పెట్టినప్పుడు నియమాలు బహు కొద్ది. బరువు తరగతులు, గ్లవ్సు, తల వెనుక కొట్టరాదనే నియమం వంటివన్నీ తరువాత ఒక్కొక్కటిగా వచ్చాయి. రక్తం కారే ఆటను విశ్వాసులు చూడవచ్చునా అని నన్నడిగిన వారున్నారు. నాకు ఈ ఆట మీద మమకారం లేదు. కాని మన పిల్లలు రాత్రి పదింటికి దుప్పటి కింద చూసే దానిని గురించి పగలు మాట్లాడకుండా ఉండటం వల్ల లాభం లేదని నా అభిప్రాయం.

ఖబీబ్ రష్యాలోని దాగెస్తాన్ కొండల వాడు. తండ్రి అబ్దుల్మనాప్ ఆయనకు గురువు. పాల్గొన్న పోటీలు 29, గెలిచినవి 29. 2018 ఏప్రిల్‌లో లైట్‌వెయిట్ బిరుదు, అంటే సుమారు 70 కిలోల తరగతి బిరుదు, సంపాదించాడు. తరువాత దాన్ని మూడుసార్లు నిలబెట్టుకొన్నాడు. మూడోది 2020 అక్టోబరు 24న అబుదాబిలో జస్టిన్ గేత్జీతో జరిగింది. దానికి ముందు జూలైలోనే తండ్రి కరోనా అనంతర ఇబ్బందులతో కన్నుమూశాడు. ఆ రాత్రి ఖబీబ్ రెండో రౌండులో తన కాళ్లతో గేత్జీ మెడ బిగించి గెలిచాడు. గెలిచి నేల మీద పడి ఏడ్చాడు. గ్లవ్సు విప్పి కంచె మధ్యలో పెట్టాడు. తండ్రి లేకుండా ఇక పోటీ చేయనని తల్లికి మాట ఇచ్చానని చెప్పాడు. అప్పటికి ఆయన వయసు 32.

ఇప్పుడు రెండో పక్షం వాదన వినండి. మూడుసార్లు నిలబెట్టుకొంటే సరిపోతుందా అంటారు వాళ్లు. కెనడా దేశస్థుడు జార్జ్ సెయింట్ పియెర్ వెల్టర్‌వెయిట్ తరగతిలో తొమ్మిదిసార్లు నిలబెట్టుకొన్నాడు. ఆయన తన జీవితంలో రెండుసార్లు ఓడాడు. 2004లో మాట్ హ్యూస్ చేతిలో, 2007లో మాట్ సెర్రా చేతిలో. ఈ సెర్రా చేతిలో ఓడతాడని ఎవ్వరూ అనుకోలేదు. అయితే ఆ ఇద్దరినీ తిరిగి పోటీకి పిలిచి గెలిచాడు. లెక్క ప్రకారం నన్ను తేల్చమంటే నేను ఈ రెండో మనిషి వైపే మొగ్గుతాను. ఓడిన మర్నాడు ఒకడు ఎలా లేచాడో సున్నా ఓటముల పట్టికలో కనబడదు. మా ఖబీబ్ పక్షం వాళ్లకు ఈ మాట రుచించలేదు. రుచించకపోయినా రాయక తప్పదు.

2018 అక్టోబరు 6 రాత్రిని కూడా లెక్కలో వేయాలి. లాస్ వేగాస్‌లో కోనర్ మెక్‌గ్రెగర్‌ను ఓడించిన మరుక్షణమే ఖబీబ్ కంచె దూకి అవతలి పక్షం వాళ్ల మీద పడ్డాడు. హాలంతా కొట్లాట అయింది. నెవాడా రాష్ట్ర కమీషన్ ఆయనను తొమ్మిది నెలలు పోటీల నుండి నిలిపివేసి 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. మెక్‌గ్రెగర్‌కూ శిక్ష పడింది. పోటీకి ముందు నెలల తరబడి అవతలివాడు ఆయన తండ్రిని, మతాన్ని, దేశాన్ని తూలనాడిన మాట నిజమే. అయినా కంచె లోపల దెబ్బకు దెబ్బ అనే నియమానికి ఇద్దరూ ఒప్పుకొని వచ్చారు. కంచె బయట నిలబడినవాడు ఒప్పుకొని రాలేదు. ఎదుటివాడు రెచ్చగొట్టాడన్నది అభిమానులు చెప్పుకొనే మాట. మన ఊళ్లో పొలం గట్టు తగాదాలలో కూడా పోలీసు స్టేషన్‌లో ఇదే మాట వినబడుతుంది.

మరి ఆయనలో నన్ను ఆకట్టుకొన్నదేమిటి? ఆపివేయటం. మరొక్క పోటీ చేసి 30 పూర్తి చేయమని యు.ఎఫ్.సి. అధ్యక్షుడు డానా వైట్ పిలిచి అడిగాడు. ఒక్క పోటీకి కోట్లలో డబ్బు. అభిమానులందరూ అదే కోరారు. 2021 మార్చిలో ఆ ద్వారం మూసి బిరుదు వదులుకొన్నాడు. తల్లికిచ్చిన మాటకు అంత ఖరీదు కట్టినవాడు క్రీడా ప్రపంచంలో అరుదు. తరువాత, తన తండ్రి దగ్గరే నేర్చుకొన్న ఇస్లాం మఖాచెవ్‌కు తోడుగా నిలిచాడు. 2022 అక్టోబరులో, అదే అబుదాబిలో, ఆ మఖాచెవ్ అదే బిరుదు గెలిచాడు. 29 అనే అంకె కన్నా ఇది గట్టి సాక్ష్యమని నాకు తోస్తుంది.

ఈ వాదం ఇలా సాగుతుండగా మా సంఘంలోని ఒక తల్లి నన్ను పక్కకు పిలిచింది. ఆమె కుమారుడు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. చదువయ్యాక హైదరాబాదు వెళ్లి ఈ విద్య నేర్చుకొంటానని పట్టుబట్టాడట. "అయ్యగారూ, వాడు ఎవరి మాటా వినటం లేదు. మీరైనా వద్దని చెప్పండి" అంది. తండ్రి లేని బిడ్డ. మామిడి కోతల కాలంలో తోటల్లో కూలికి వెళ్లి వాణ్ణి చదివిస్తున్న తల్లి. వద్దని ఒక్క మాటలో చెప్పివేయటం తేలికే. కాని జవాబు చెప్పటానికి నాకు వారం రోజులు పట్టింది. ఆ వారంలో నాకు సాయపడింది మా సంఘ పెద్ద ఒకరు విసిరిన మాట.

ఆయన రిటైరైన మాస్టారు. మెట్ల మీద పిల్లల గోల విని, "ఎక్కడి రష్యావాడో ఎందుకురా, సమ్సోను తరువాత అంతటివాడు మన కోడి రామమూర్తి" అన్నారు. పిల్లలలో ఒక్కడికీ ఆ పేరు తెలియదు. ఆయన నిర్ఘాంతపోయారు. నేనూ అంతే.

కోడి రామమూర్తి నాయుడు గారు ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టారు. అది నిన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా. 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లా. విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగారు. గుండె మీద పలక వేసి ఏనుగును నడిపించుకొనేవారు. ఒంటికి ఇనుప గొలుసు చుట్టించి, గట్టిగా ఊపిరి పీల్చి తెంచేవారు. రెండు మోటారు కార్లను రెండు చేతులకు కట్టించుకొని అటొకటి ఇటొకటి నడపమని, కదలనివ్వక నిలిపేవారు. సర్కస్ కట్టి దేశమంతా తిరిగారు. కలియుగ భీముడని, ఇండియన్ హెర్క్యులిస్ అని జనం కీర్తించారు. వైస్రాయి మింటో ప్రభువు తన కారునే పరీక్షకు పెట్టాడన్న కథ విజయనగరం, విశాఖ వైపు నేటికీ చెప్పుకొంటారు.

పిల్లలకు ఇదంతా చెప్పాను. ఖబీబ్ పక్షం వాడొకడు వెంటనే, "అది సర్కస్ కదా అయ్యగారూ, పోటీ కాదు కదా" అన్నాడు. కాదనలేని ప్రశ్న. పలక వెడల్పుగా ఉంటే ఏనుగు బరువు ఒక్కచోట పడదు, ఒళ్లంతా పంచుకొంటుంది. ఆనాటి కారు నేటి కారు కాదు. 1908లో వచ్చిన ఫోర్డ్ టి మోడల్‌కు ఉన్నది 20 గుర్రాల శక్తి. అందుచేత అది గారడీ అని కొట్టివేయనూ కూడదు. పలక వేసినా కిందివాడు ఊపిరి బిగబట్టి ఆ బరువు కాయాలి. 20 గుర్రాలనైనా సరే, మీరూ నేనూ ఆపలేం. అదే కాలపు గామా పహిల్వాన్‌తో పోల్చినప్పుడు తేడా తెలుస్తుంది. గామాకు ఎదురుగా మనుషులున్నారు. 1910లో లండన్‌లో జిబిస్కో అనే పోలండ్ దేశపు యోధునితో రెండున్నర గంటలు పెనుగులాడి తేలక విడిపోయారు. 1928లో పాటియాలాలో అదే మనిషిని ఒక్క నిమిషం లోపల పడగొట్టాడు. గామా కూడా ఓటమి ఎరుగనివాడే. 1960లో లాహోరులో జబ్బుతో, ఇబ్బందులతో పోయాడు. మన రామమూర్తి గారి కాలికి గాయమై, చివరకు ఆ కాలు తీసివేయవలసి వచ్చింది. 1942 జనవరిలో ఒడిశాలో చనిపోయారు. ఏనుగును మోసిన మనిషి అవసానదశ ఒంటికాలి మీద గడిచింది.

కథలు చెప్పేవాళ్లు ఎప్పుడూ ఏనుగు దగ్గరే ఆగిపోతారు. అంతకు ముందు సంగతి ఎవరూ పట్టించుకోరు. రామమూర్తి గారు మద్రాసు వెళ్లి, సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగి వచ్చి తాను చదివిన బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయులుగా చేరారు. అంటే మన భాషలో డ్రిల్లు మాస్టారు. మొదట పిల్లలకు దండీలు, బస్కీలు నేర్పిన మనిషి ఆయన. ఏనుగులు, కార్లు ఆ తరువాత వచ్చాయి. ఆ ప్రాంతం నుండి బరువులెత్తే క్రీడాకారులు నేటికీ వస్తూనే ఉన్నారు. విజయనగరం దగ్గర కొండవెలగాడ అనే పల్లె అందుకే పేరుపడింది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తటం నేర్చుకొన్న కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఇదంతా రామమూర్తి గారు నాటిన మొక్క అని నేననను. మధ్యలో ఎందరో వస్తాదుల చెమట ఉంది. కాని ఒక నేల మీద బలమంటే గౌరవం ఏర్పడితే, అది విగ్రహం వల్ల నిలవదు, తాలింఖానా వల్ల నిలుస్తుంది. విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది. మన వైపు ఊళ్లలో వెనుకటి తాలింఖానాలు ఏమయ్యాయో చూడండి. గోదా ఉన్నచోట దుకాణాలు వెలిశాయి. ఎన్నో ప్రైవేటు బడులలో డ్రిల్లు పీరియడును లెక్కల మాస్టారు తీసుకొంటున్నారు. పిల్లవాడు బలం నేర్చుకోవాలంటే ఫోనులో దాగెస్తాన్ చూడక ఏం చేస్తాడు?

దాగెస్తాన్‌లో అబ్దుల్మనాప్ చేసింది కూడా ఇదే పని. కొడుకొక్కడికే కాదు, ఇరుగుపొరుగు పిల్లలందరికీ నేర్పాడు. అందుకే ఆయన పోయాక కూడా ఆ ఇంటినుండి ఛాంపియన్లు వస్తున్నారు.

ఆ తల్లితో నేను చెప్పినది ఇది. "అమ్మా, నేను వాణ్ణి వద్దనను, వెళ్లమనీ అనను. ముందు అక్కడ నేర్పేవాడు ఎవరో చూసి రండి. బిరుదులు ఎన్నున్నాయని అడగవద్దు. అతని దగ్గర మూడేళ్లుగా ఉన్న పిల్లలు ఎలా మాట్లాడుతున్నారో, దెబ్బ తగిలితే ఎవరు ఆసుపత్రికి తీసుకువెళుతున్నారో, ఓడి వచ్చినవాణ్ణి ఏమంటున్నారో చూడండి. తల మీద దెబ్బలు తినే పోటీలకు 18 ఏళ్లు నిండేదాకా దించరని మాట తీసుకోండి. కుస్తీ, జూడో నేర్చుకోనివ్వండి. డిగ్రీ మాత్రం మానకూడదు." ఆమె ముఖంలో తృప్తి కనబడలేదు. అయ్యగారు వద్దంటారని ఆశపడి వచ్చింది మరి.

వచ్చే నెల ఆమె తమ్ముడు హైదరాబాదు వెళ్లి ఆ శిక్షణ కేంద్రం చూసి వస్తానన్నాడు. ఈలోగా కుర్రవాడు తెల్లవారుజామున లేచి కాలేజీ గ్రౌండులో పరుగెడుతున్నాడు. వాడితో పాటు రెండో పక్షం వాళ్లు ఇద్దరు కూడా వెళుతున్నారు. రిటైరైన మాస్టారు వాళ్లకు బస్కీలు తీయటం చూపిస్తున్నారు, చేతికర్రతో లెక్కపెడుతూ.