మాంసమునకు బదులు వచ్చినవి మేలైనవేనా?

ఢిల్లీలో అశోకా రోడ్డు, 1వ నెంబరులోని ఆంధ్రా భవన్ భోజనశాల ముందు తెలుగువారే కాక ఇతర ప్రాంతములవారు కూడ బారులు తీరుదురు. పప్పు, సాంబారు, కూర, పెరుగుతో పాటు కోరినవారికి వేటమాంసపు వేపుడును వడ్డింతురు. అది పొయ్యిమీద వండిన మాంసము. అదే నగరములోని అంగళ్లలో శీతలపేటికలయందు సాసేజీలు, సలామీలు పొట్లములలో లభించును. రెండును మాంసమే యైనను ఆరోగ్యదృష్టిలో ఒకటి కావు.

ఉప్పులో ఊరవేసి, పొగబెట్టి, లేక రసాయనములతో నిలువచేసిన మాంసము మానవులలో క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో నిర్ధారించినది. దినమునకు 50 గ్రాముల చొప్పున తినువారికి పెద్దప్రేగు క్యాన్సరు ముప్పు సుమారు 18 శాతము హెచ్చునని దాని అంచనా. పొగాకు కూడ ఈ తరగతిలోనే యున్నది. అంతమాత్రమున రెండింటి అపాయము సమానము కాదు. ఆ తరగతి సాక్ష్యపు బలమును మాత్రమే తెలుపును. ఉప్పు పట్టించి ఎండబెట్టిన మన ఒట్టి తునకలు సైతము ఈ నిర్వచనములోనికే వచ్చునని చాలమంది ఎరుగరు.

ఈ భయమువలన బజారులోనికి బదులు పదార్థములు వచ్చినవి. కోడిమాంసపు సాసేజీ మేలని కొందరు నమ్ముదురు. కాని కోడిమాంసమైనను అట్లే నిలువచేసినచో అదియు ఆ కోవలోనిదే. “నైట్రైటు కలుపలేదు” అని అచ్చువేసిన పొట్లములలో కొన్నింట ఆకుకూరల పొడినుండి వచ్చిన నైట్రైటు ఉండును. మూలము మారినది గాని పదార్థము మారలేదు! ఇది కొనువారిని భ్రమపెట్టుటయే.

సోయా, బటానీలతో చేసిన కృత్రిమ మాంసము సంగతి వేరు. 2020లో వెలువడిన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో 36 మంది ఎనిమిది వారములు అట్టివానిని, మరి ఎనిమిది వారములు జంతుమాంసమును తినగా, మొదటి దానివలన చెడు కొలెస్టరాలు తక్కువగా నుండెను. పరిశోధన చిన్నది, ధనసహాయము చేసినది అట్టి సరకు చేయు కంపెనీయే. అయినను ఫలితమును త్రోసిపుచ్చ పనిలేదు. సాసేజీ మానలేనివారికి ఇది కొంత నయమే కావచ్చును. అయితే వీనిలో పెక్కింట ఉప్పు అధికము. కొన్నింట కొబ్బరినూనె దండిగా నుండును.

ఇంతకు అసలు పోలిక దేనితో? సాసేజీతో పోల్చిన గెలుచు సరకు పప్పన్నముతో పోల్చిన గెలువదు. బియ్యములో కొరవడిన లైసిను పప్పులో నున్నది. పప్పులో కొరవడిన మెథియొనిను బియ్యములో నున్నది. రెండును కలిసినప్పుడు మంచి మాంసకృత్తులు చేకూరును. మీల్ మేకరు సైతము కర్మాగారములో తయారైనదే. కాని నూనె తీసిన సోయాపిండి తప్ప అందు వేరొండు విశేషముగా లేదు. ఎండు సరకు 100 గ్రాములలో సుమారు 50 గ్రాములు మాంసకృత్తులే. ఉప్పు ఎంత పడవలెనో నిర్ణయించునది వండు ఇల్లాలే గాని కంపెనీ కాదు. అతిగా శుద్ధిచేసిన ఆహారములను మానుడని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించినది.

ఆంధ్రుల విస్తరిలోను ఒక లోపమున్నది: ఆవకాయ, అప్పడము. దినమునకు 5 గ్రాములకు లోపుగా నుండవలసిన ఉప్పులో వీని వాటా తక్కువ కాదు. పొట్లము కొనువారు దానిపై సోడియము అంకెను చూడవలెను. 400 మిల్లీగ్రాముల సోడియమనగా ఒక గ్రాము ఉప్పు.